ఫర్మా

అండాలవ్వ బొటనవేలికి గీతలు లేవు.
నలభై ఏండ్లు తునికాకు చుట్టీ చుట్టీ
అరిగిపోయినయి.
మెట్‌పల్లి కార్ఖాన తంబాకు మాత్రం
గోరు సందుల్ల మిగిలింది.

నెలకోసారి పంచాయితాఫీసు అరుగు మీద
మిషిని ఆమెను గుర్తుపట్టదు.
"ఇంకోపాలి ఒత్తు పెద్దవ్వా" అంటడు సుధాకరు.
తడిగుడ్డతోని వేలు తుడుస్తడు.
కుర్చీ ఏస్తడు. గిలాసల నీళ్లిస్తడు.
కడుపుల పుట్టినోడు సుత గట్ల జూడడని
లైన్ల ఎవలో ఒకలు అంటనే ఉంటరు.

ఆ చేత్తోనే
ఎనిమిది నోట్లు లెక్కబెట్టి ఆమె కొంగుల పెడ్తడు.
ఆరు, ఐదువందలయి.
రెండు, పసుపుపచ్చటి రెండువందలయి.

నేను ఆమె ఎనుకనే నిలబడ్డ.
నాకు కండ్లున్నయి.

మొదటి నెల, పొరపాటేమో అనుకున్న.
రెండో నెల, నాకెందుకు అనుకున్న.
మూడో నెలకు నా ఒంటరి పింఛన్ కాయితం
అతని సొరుగులకు పోయింది.
"అక్కా, వచ్చే నెల నీది పక్కా" అన్నడు.
పక్కా అన్న మాట ఎంత మెత్తగుంటదో!
దాని మీద ఐదు నెలలు పండుకున్న.

చూపు పోయి పన్నెండేండ్లయినా
అండాలవ్వ బీడీ ఆగలే.
చాట ఒళ్లె పెట్టుకొని
ఆకు మీద రేకు ఫర్మా ఆనిచ్చి కత్తెర తిప్పితే
వెంట్రుకవాసి తేడా రాదు.
అందరి కట్టలు ఇప్పి ఛాటు కొట్టే మున్షీ
ఆమె కట్టల జోలికి పోడు.
గా వేళ్లకు
నోటు పొడుగు తెల్వకుంటదా?

ఒకనాడు రాత్రి కరెంటు పోయింది.
నేను అగ్గిపెట్టె దేవులాడుతున్న.
ఆమెకు చీకటి కొత్తా?
"సుగుణా, గీ రెండు నోట్లు పొట్టిగున్నయేందే?"
నా నోట్లె నాలిక ఎండుటాకయింది.
"ఇప్పుడు నోట్లు శాన తీర్ల ఒస్తున్నయి అత్తా" అన్న.
అబద్ధం సుత కాదది.
అందుకే అంత సులువుగ వచ్చింది.

ఆమె మల్ల అడగలే.
తెల్లారి కిరాణ దుకాణంల
ఒక ఐదువందల నోటు అడిగి పట్టుకొని
పాత నూనెడబ్బ రేకును దాని కొలతకు కోసింది.

మీది నెల అరుగు మీద, అందరి ముందట,
ఒక్కో నోటు రేకు మీద పరిచింది.
ఆరు సరిపోయినయి.
ఏడోదాని కాడ రేకు అంచు వేలికి తాకింది.
"ఇది నా కొలతకు వస్తలేదు బిడ్డా."
గొంతు లేపలే.

మూగ కొమురెల్లి తన బుక్కు తీసి
గాలిల ఊపుడు మొదలుపెట్టిండు.
సర్వర్ లేదని తిప్పిన నెలలు
వేళ్ల మీద చూపెడుతున్నడు, వేళ్లు సరిపోతలేవు.
మూడు చక్రాల బండి మీది పోశన్న
బండిని తెచ్చి గుమ్మానికి అడ్డం పెట్టిండు.

పొద్దుగూకినంక పెద్దమనుషులొచ్చిండ్రు.
"లగ్గం గావాల్సిన పిలగాడు.
పైసలిప్పిస్తం, పోనీయ్ అండాలూ."
"దొంగైతే తలుపేసుకుందు" అన్నదామె.
"నీళ్లిచ్చినోనికి ఏ తలుపు ఎయ్యాలె?"

ఠాణల జమాదారు పెన్ను పక్కకు పెట్టిండు.
"చూపు లేనామె మాట ఎట్ల రాసుకోను?
చూసినోళ్లెవలన్న ఉన్నరా?"
ఫ్యాను కిర్రుమంటున్నది.
ఆమె నా దిక్కు తిరగలే.
ఎవలు చూసిండ్రో
ఆ కరెంటు పోయిన రాత్రే ఆమెకు తెలిసిపోయింది గావచ్చు.

ఎనిమిది నెలలు ఎనుక నిలబడ్డ మనిషిని
ఒక్క అడుగు పక్కకు జరిగిన.
ముందుకు గాదు. ఆమె పక్కకు.

కాయితం మీద ఆమె వేలు
నున్నటి నల్లమచ్చ లెక్క పడ్డది.
నాకు సంతకం వస్తది.
అయినా దాని పక్కన వేలే ఒత్తిన.
నా గీతలు ఇంక అరగలే,
అన్నీ పడ్డయి.